బీమారిస్తాన్ నుంచి మన మొహల్లా దాకా

ఇటువంటి సంచికల్లో మన పూర్వుల విద్య గురించి, కట్టడాల గురించి, వీరుల గురించి వ్యాసాలు చదువుతూనే ఉంటాం. ఈసారి మేము కొంచెం మరుగున పడిన విషయం ఎత్తుకున్నాం. మతి చెదిరినవారిని మన పెద్దలు ఎట్లా చూసుకున్నారు, ఆ బాధ్యత ఎక్కడ చేజారింది, దాన్ని మళ్లీ ఎట్లా అందుకోవాలి అన్నదే ఈ వ్యాసంలోని సంగతి.

మన మొహల్లాలో ఎవరికైనా టైఫాయిడ్ వచ్చిందని తెలిస్తే సాయంత్రానికి ఆ ఇంటి ముందు చెప్పుల వరుస కనిపిస్తుంది. ఒకరు బత్తాయిలు తెస్తారు, ఒకరు మంచి డాక్టరు పేరు చెబుతారు, ఒకరు వజీఫా చెబుతారు. రోగిని పలకరించడాన్ని మనం ఇయాదత్ అంటాం. అది సవాబు పని అని చిన్నపిల్లలకు కూడా నేర్పిస్తాం. అదే ఇంట్లో పాతికేళ్ల కొడుకు రాత్రంతా నిద్రపోకుండా తనలో తాను మాట్లాడుకుంటున్నాడంటే చెప్పుల వరుస ఉండదు. తలుపు వేసేస్తారు. 'అసర్' అని ఒకరు, 'జాదూ' అని ఒకరు, 'గాలి సోకింది' అని ఇంకొకరు గోడ అవతలే మాట్లాడుకుంటారు. పెళ్లి కావలసిన చెల్లెలు ఉంది గనుక తల్లిదండ్రులు నోరు విప్పరు. ఇట్లా రెండేళ్లు, మూడేళ్లు గడిచిపోతాయి. రోగం బాగా ముదిరిన తర్వాత ఆసుపత్రి గుర్తుకు వస్తుంది. జ్వరానికి ఉన్న ఇయాదత్ మనసు రోగానికి ఎందుకు లేదు? లోపం దీన్‌లో ఉన్నదా? లేదు. చరిత్రలో ఉన్నదా? అది చూద్దాం.

షరీఅత్ ఈ రోగిని దోషిగా చూడలేదు. మతి తప్పినవాడికి తిరిగి మతి వచ్చేదాకా అతని కర్మలు రాసే కలం ఎత్తి ఉంచబడుతుందని హదీసు చెబుతున్నది. సొంత ఆస్తిని చూసుకునే తెలివి లేనివారి ఆస్తిని పెద్దలు కాపాడాలని, అందులోంచే వారికి తిండీ బట్టా ఇవ్వాలని, వారితో మంచిగా మాట్లాడాలని సూరా నిసా ఆదేశం. రోగం వస్తే వైద్యం చేయించుకోవచ్చా అని అడిగినవారికి మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చేయించుకోమనే చెప్పారు. ఇంట్లో మరణం సంభవించినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా అనే బార్లీ జావ కాయించేవారని, అది దుఃఖపడే గుండెకు ఊరట అని ప్రవక్త చెప్పగా విన్నారని గ్రంథాల్లో ఉన్నది. అంటే మనసు బాధకు కూడా కాచి పోసేది ఒకటి ఉంటుందని వారు ఎరుగుదురు.

మాట వెనుక ఉన్న చరిత్ర

బీమార్ అంటే రోగి. బీమారిస్తాన్ అంటే రోగులు ఉండే చోటు. పారశీక భాష నుంచి అరబ్బులు తీసుకున్న ఈ మాటే అబ్బాసీల కాలం నుంచి ఆసుపత్రికి పేరు. కంటిరోగం, జ్వరం, విరిగిన ఎముక, చెదిరిన మతి, అన్నీ ఆ కప్పు కిందనే చూసేవారు. ఈ ఒక్క మాట గమనించదగ్గది. మతి చెదిరినవాడిని వేరే జాతిగా వెలివేయలేదు. రోగుల మధ్య రోగిగానే ఉంచారు.

ఈజిప్టును ఏలిన అహ్మద్ ఇబ్ను తూలూన్ 870ల్లో ఫుస్తాత్ దగ్గర ఒక బీమారిస్తాన్ కట్టించాడు. ఆయన ప్రతి శుక్రవారం స్వయంగా వెళ్లి రోగులను చూసేవాడట. ఒకనాడు మతి చెదిరిన రోగి ఒకడు ఆయనను దానిమ్మపండు అడిగాడు. తెప్పించి ఇచ్చారు. వాడు దాన్ని కాసేపు చేతిలో తిప్పి పాలకుడి రొమ్ము మీదికే విసిరాడు. ఆ తర్వాత ఆయన అక్కడికి పోవడం మానుకున్నాడని చెబుతారు. ఈ కథ విని మా విద్యార్థులు నవ్వుతారు. నవ్వవలసిందే గాని, దేశాన్ని ఏలేవాడు మతి చెదిరిన రోగి పక్కన నిలబడి అతని కోరిక విన్నాడన్నది కూడా అందులో ఉన్నది.

అదే శతాబ్దం మధ్యలో, 850 ప్రాంతంలో, బల్ఖ్ దగ్గర పుట్టిన అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం 934) 'మసాలిహ్ అల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' అనే గ్రంథం రాశాడు. ఒక భాగం శరీరానికి, ఒక భాగం మనసుకు. భయం, కోపం, దుఃఖం, వస్వాస్ అని మనసు బాధలను నాలుగు రకాలుగా విడదీశాడు. ఇంకా విశేషం ఏమిటంటే దుఃఖాన్ని మళ్లీ రెండుగా చెప్పాడు. ఆప్తుల మరణం, ధననష్టం వంటి కారణం కనిపించే దుఃఖం ఒకటి. కారణం ఏదీ కనిపించకుండా కమ్ముకునే దుఃఖం రెండోది. మొదటిదానికి మంచిమాట, ఆలోచన ఔషధం అన్నాడు. రెండోదాని మూలం శరీరంలోనే ఉంటుంది గనుక దానికి మందు కూడా కావాలన్నాడు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంట్లో నాలుగు మందులు దాచుకున్నట్లు, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే ధైర్యం చెప్పే ఆలోచనలు కూడగట్టుకోమన్నాడు. ఈనాటి డాక్టర్లు డిప్రెషన్ అనే రోగం గురించి పదకొండు వందల ఏళ్లకు ముందే ఇంత వివరంగా ఆలోచించినవాడు మనవాడు.

1154లో సుల్తాన్ నూరుద్దీన్ జంగీ దమస్కులో బీమారిస్తాన్ కట్టించాడు. ఆ కట్టడం తర్వాతి కాలంలో అరబ్బు వైద్యశాస్త్ర ప్రదర్శనశాల అయింది. 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో కట్టించిన మన్సూరీ బీమారిస్తాన్ వీటన్నిటిలో పేరుపడ్డది. ధనవంతుడని, పేదవాడని భేదం లేకుండా రోగికి నయమయ్యేదాకా ఉంచుకోవాలని, ఖర్చంతా సంస్థే భరించాలని దాని వక్ఫ్ ఏర్పాటు. నిద్రపట్టని రోగులకు సంగీతం వినిపించేవారని, కథలు చెప్పేవారని, ఇంటికి పోయే రోగికి వెంటనే కూలికి పోవలసిన అవసరం రాకుండా చేతిలో కొంత డబ్బు పెట్టేవారని చెబుతారు. ఆ చివరి మాటను పాఠకులు ఒకసారి ఆగి ఆలోచించవలెను. మందుతోనే వైద్యం అయిపోదు, తిరిగి బతుకులో నిలబడేదాకా ఉంటుందని వారు గ్రహించారు.

టర్కీలోని ఎదిర్నేలో సుల్తాన్ రెండో బాయజీద్ 1488 నాటికి పూర్తి చేయించిన దారుష్షిఫా మరొకటి. వారంలో మూడు రోజులు సంగీతకారులు వచ్చి రోగుల ముందు వాయించేవారని, తోటలోని పూల వాసన చూపించేవారని 17వ శతాబ్దపు యాత్రికుడు ఔలియా చలబీ వర్ణించాడు. అది 1997లో ప్రదర్శనశాల అయింది.

ఇవన్నీ ఎవరి డబ్బుతో నడిచాయి? వక్ఫ్ డబ్బుతో. అంగళ్ల అద్దె, పొలాల శిస్తు, స్నానశాలల ఆదాయం, ఇట్లా సమాజం ఒక చోట పోగుచేసిన సొమ్ముతో. కుటుంబం ఒక్కటే మోయలేని బరువుకు పదిమంది భుజం పట్టారు.

తోట కొట్టుగా మారిన వైనం

అంతా తోటలు, పాటలే అనుకుంటే అది చరిత్ర కాదు, గొప్పలు చెప్పుకోవడం. 1170 ప్రాంతంలో బాగ్దాదు చూసిన యూదు యాత్రికుడు బెంజమిన్ ఆఫ్ తుదేలా అక్కడి మతి చెదిరినవారిని ఇనుప గొలుసులతో కట్టి ఉంచేవారని రాశాడు. అయితే అధికారులు నెలనెలా వచ్చి పరీక్షించి, మతి కుదుటపడినవారిని విడిపించి ఇంటికి పంపేవారని కూడా ఆయనే రాశాడు. ఆనాడూ గొలుసు ఉన్నది, కాని దాన్ని విప్పే రోజు కూడా ఉన్నది.

తర్వాత ఆ విప్పే రోజు మరుగునపడింది. 1830ల్లో కైరోలో నివసించిన ఆంగ్ల రచయిత ఎడ్వర్డ్ లేన్ అదే మన్సూరీ బీమారిస్తాన్‌ను చూశాడు. చిన్న చిన్న కొట్లు, మెడకు గొలుసులు, చూడవచ్చినవారు తెచ్చిపెట్టే రొట్టె కోసం చేతులు చాచే రోగులు. సంగీతమూ లేదు, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డబ్బూ లేదు. కట్టడం అదే, పేరు అదే. మారినది ఏమిటి? వక్ఫ్ ఆదాయం క్షీణించింది, అడిగే నాథుడు లేకపోయాడు. మిగతా రోగులు కనుమరుగై మతి చెదిరినవారే అందులో మిగిలారు. చివరికి అరబ్బీలో 'మారిస్తాన్' అనే మాటకే పిచ్చాసుపత్రి అని అర్థం వచ్చింది. సమాజం కన్ను తిప్పుకుంటే తోట కొట్టుగా మారడానికి పెద్ద కాలం పట్టదు.

మన దేశంలో

హైదరాబాదులో మహమ్మద్ కులీ ఖుత్బ్‌షా 1595లో దారుష్షిఫా కట్టించాడు. ఆ మొహల్లా పేరు దానివల్లనే వచ్చింది. మన హకీములు మతి చెదరడాన్ని మొదటినుంచీ శరీరానికి సంబంధించిన రోగంగానే చూశారు. వారు అస్రోల్ అనే మొక్కనే మనం సర్పగంధ అంటాం. ఉత్తరదేశంలో దానికి 'పాగల్ కీ దవా' అనే పేరు ఉండేది. 1931లో డాక్టర్ సలీముజ్జమాన్ సిద్దీఖీ ఆ వేరులోంచి క్షారాలను వేరుచేసి, ఒకదానికి హకీమ్ అజ్మల్ ఖాన్ పేరు మీద 'అజ్మలిన్' అని పేరు పెట్టాడు. 1952లో అదే మొక్కలోంచి స్విస్ శాస్త్రజ్ఞులు రిసర్పిన్ తీశారు. తీవ్రమైన మతిభ్రమకు ప్రపంచమంతటా కొన్నాళ్లు దాన్ని వాడారు. దానివల్ల కొందరికి దిగులు ఎక్కువైనందున, అంతకన్నా మంచి మందులు వచ్చినందున అది వెనకబడ్డది. మా మనవి ఒక్కటే. 'ఇది దయ్యం, దీనికి మందేమిటి' అనేవారు మన హకీముల చరిత్రనే మరిచిపోయినవారు.

ఇంగ్లీషువారి పాలనలో 1858లోనూ 1912లోనూ 'లూనసీ' చట్టాలు వచ్చాయి. పట్టుకొని పెద్ద గోడల మధ్య ఉంచడమే ఆ చట్టాల సారాంశం. విశాఖపట్నం మానసిక ఆసుపత్రి ఆ కాలంలోనిదే. నిజాం రాజ్యంలో జాల్నాలో ఉండిన ఆసుపత్రి 1950ల్లో హైదరాబాదు ఎర్రగడ్డకు మారింది. అక్కడ ఎందరో డాక్టర్లు, నర్సులు ఎన్నో వేలమందిని నయం చేసి పంపించారు. మనం మాత్రం ఏం చేశాం? 'వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి' అని ఆ ఊరి పేరునే తిట్టుగా చేసుకున్నాం. మారిస్తాన్ మాటకు పట్టిన గతే ఎర్రగడ్డకూ పట్టింది.

దేశ విభజన తర్వాత 1950లో రెండు దేశాలు మానసిక రోగులను కూడా మార్చుకున్నాయి. లాహోరు ఆసుపత్రిలోని హిందూ, సిక్కు రోగులు ఇటు, ఇక్కడి ముస్లిం రోగులు అటు. ఉర్దూ చదివినవారందరికీ తెలిసిన సాదత్ హసన్ మంటో కథ 'టోబా టేక్ సింగ్'కు ఇదే ఆధారం. ఇటు వచ్చినవారితో అమృతసర్ ఆసుపత్రి కిక్కిరిసిపోయింది. దానికి అధికారిగా ఉన్న డాక్టర్ విద్యాసాగర్ 1950ల్లో ఒక ఉపాయం చేశాడు. ఆవరణలో గుడారాలు వేయించి రోగి తల్లిదండ్రులను, భార్యను, అన్నదమ్ములను అక్కడే రోగితో ఉంచాడు. రోగం ఏమిటో, మందు ఎట్లా ఇవ్వాలో, ఎట్లా మాట్లాడాలో వారికి రోజూ కూర్చోబెట్టి చెప్పాడు. రోగులు త్వరగా ఇళ్లకు పోయారు. భయం పోయిన బంధువులు తమ ఊళ్లలో ఇతరులకు ధైర్యం చెప్పారు. ఆ తర్వాత వెల్లూరులో 1957లో మొదలైన మానసిక చికిత్సాకేంద్రం కూడా కుటుంబాన్ని రోగి వెంటే ఉంచుకొన్నది.

1960ల చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లో స్కిజోఫ్రెనియా రోగులను పరిశీలించడం మొదలుపెట్టింది. మన ఆగ్రా అందులో ఒక కేంద్రం. కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూస్తే ఆగ్రా వంటి చోట్ల చాలామంది ధనిక దేశాల రోగులకన్నా బాగా కోలుకొని కనిపించారు. కారణం ఏమిటన్నదాని మీద పండితుల్లో వాదోపవాదాలు ఉన్నాయి. కలిసి ఉండే కుటుంబం, చేయడానికి ఏదో ఒక పని దొరకడం కొంత కారణమని చాలామంది భావించారు.

ఏర్వాడిని మరువరాదు

ఇంత చరిత్ర ఉండి కూడా 2001 ఆగస్టు 6న జరిగినది మనం మరువకూడదు. తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ప్రసిద్ధమైన దర్గా ఉన్నది. దాని చుట్టుపక్కల ప్రైవేటు వ్యక్తులు మానసిక రోగుల కోసం 'హోము'లు నడిపేవారు. బంధువులు నెలకు ఇంత అని కట్టి వదిలిపోయేవారు. అటువంటి ఒక హోము తాటాకు పాకకు ఆ తెల్లవారుజామున నిప్పంటుకున్నది. గొలుసులతో కట్టి ఉన్నవారు పరిగెత్తలేకపోయారు. 28 మంది చనిపోయారు. తర్వాత ప్రభుత్వం అక్కడి హోములన్నిటినీ మూసివేయించింది. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది.

నిప్పు ఎట్లా అంటుకున్నదన్నది ఒక ప్రశ్న. అంతకన్నా పెద్ద ప్రశ్న, వారు అక్కడిదాకా ఎట్లా చేరారన్నది. వారిలో ఎవరూ ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఏదో ఒక మొహల్లాలో, ఏదో ఒక తలుపు వెనుక రెండేళ్లు, మూడేళ్లు దాచబడ్డవారే. అలసిపోయిన తల్లి, అప్పులపాలైన తండ్రి, పలకరించని పొరుగు. ఆ ఇంటికి ఎవరైనా ఒక్కరు వెళ్లి 'మేమున్నాం, పదండి డాక్టరు దగ్గరికి' అని ఉంటే ఆ గొలుసు పడేది కాదు.

దవా కూడా, దువా కూడా

ఆ నిప్పు వృథా పోలేదు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా దగ్గర 2008లో 'దవా–దువా' అనే పద్ధతి మొదలయ్యింది. దర్గా ఆవరణలోనే మానసిక వైద్యుడు కూర్చుంటాడు. ముజావర్లకు రోగలక్షణాలు గుర్తించడం నేర్పారు. వచ్చినవారికి ముజావర్ దువా చేసి, 'ఇప్పుడు ఆ గదిలోకి వెళ్లి డాక్టరు సాహెబుకు కూడా చూపించండి' అంటాడు. తర్వాత ఇటువంటి ఏర్పాటు ఏర్వాడిలో కూడా వచ్చింది. దువాను తీసివేయమని ఎవరూ అనలేదు. దువా పేరు మీద దవాను ఆపవద్దన్నారు, అంతే.

చట్టం కూడా మారింది. 1912 చట్టం పోయి 1987 చట్టం, అది పోయి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. 2018 నుంచి అమలు. మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టరాదని అందులో స్పష్టంగా ఉన్నది. ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం పొందడం హక్కు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని నేరస్థులుగా గాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలన్నది. 2015–16లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక బాధ ఉన్నది, వారిలో ఎక్కువమందికి వైద్యమే అందడం లేదు. అంటే ఈ సంచిక చదివే ప్రతి బంధువర్గంలోనూ ఒకరిద్దరు ఉంటారు. పేర్లు మనకు తెలుసు, పైకి అనం.

మన చేతిలో ఉన్న పని

మేమెరిగిన ఒక పట్నంలో ఒక దర్జీ ఉన్నాడు. మంచి పనివాడు. ముప్పై ఏళ్ల వయసులో మతి చెదిరింది. అన్నలు వెనక గదిలో ఉంచారు. మసీదు కమిటీలోని ఇద్దరు పట్టుబట్టి జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయారు. నెలనెలా మందులకు బస్సు చార్జీ వంతులవారీగా పెట్టారు. ఆరు నెలలకు అతను కుదుటపడ్డాడు. అసలు కష్టం అప్పుడు మొదలయింది. అతని చేతికి బట్ట ఇచ్చేవారు లేరు. అప్పుడు ఇమాం సాహెబు తన కుర్తా బట్ట అతనికే ఇచ్చి కుట్టించి, జుమా నాడు అదే తొడుక్కొని మింబరు ఎక్కారు. తర్వాతి వారం నలుగురు బట్టలు తెచ్చారు. అతను ఇప్పటికీ మందు వేసుకుంటూనే ఉన్నాడు, మిషను ముందు కూర్చుంటూనే ఉన్నాడు. ఖలావూన్ బీమారిస్తాన్‌లో రోగి చేతిలో పెట్టిన డబ్బూ, ఈ కుర్తా బట్టా ఒకే కోవలోనివి.

కాబట్టి మన సొసైటీ పెద్దలకు మేము కొన్ని మనవులు చేస్తున్నాం. పెద్ద ఆసుపత్రి కట్టనక్కరలేదు. మొదటిది, జ్వరానికి చేసినట్లే ఈ రోగానికీ ఇయాదత్ చేద్దాం. ఎందుకు, ఏమిటి అని గుచ్చి అడగకుండా కాసేపు కూర్చొని రావడం చాలు. రెండోది, ఆసుపత్రికి తోడు వెళ్లే నలుగురు యువకుల పేర్లు సొసైటీ ఆఫీసులో రాసి ఉంచుదాం. ఆడవారికి తోడుగా ఆడవారూ ఉండాలి. మూడోది, మన బైతుల్‌మాల్‌లో ఈ రోగుల మందులకు, ప్రయాణాలకు కొంత విడిగా కేటాయిద్దాం. నయమైనట్లు కనిపించగానే మందు మానేయడం వల్లనే చాలామందికి రోగం తిరగబెడుతున్నది; డాక్టరు చెప్పనిదే ఆపకూడదని ఇంటివారికి నచ్చజెప్పాలి. నాలుగోది, దీర్ఘరోగులకు వైకల్య సర్టిఫికెట్టు, దాని మీద వచ్చే పింఛను ఇప్పించడంలో చదువుకున్నవారు సాయపడాలి. అయిదోది, కుదుటపడినవాడికి ఏదో ఒక పని చూపాలి. దుకాణంలో లెక్క రాయడమో, మసీదులో చాపలు పరచడమో, చిన్నదైనా సరే.

ఇక చూసుకునే తల్లులను, భార్యలను మరువకూడదు. రోగి పక్కన ఏళ్ల తరబడి మేలుకునేది వాళ్లే. వారంలో ఒక పూట వాళ్లకు విశ్రాంతి ఇప్పించే పొరుగు ఉంటే అది పెద్ద సదఖా. రాత్రిపూట ఏం చేయాలో తోచనివారికి ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ ఫోను 14416 ఉన్నది. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును ప్రతి మసీదు నోటీసు బోర్డు మీద రాయించవలెనని కోరుతున్నాం.

కైరోలో కట్టడం నిలిచి ఉండగానే బీమారిస్తాన్ పోయింది. మన దగ్గర ఆ కట్టడం లేదు. కాని రోగి ఇంటి ముందు మళ్లీ చెప్పుల వరుస కనిపించిన రోజు, ఆ మొహల్లాయే బీమారిస్తాన్ అవుతుంది. అల్లాహ్ మన రోగులందరికీ షిఫా, వారిని చూసుకునేవారికి సబ్రు, మనకు ఈ పనికి తౌఫీఖు ప్రసాదించుగాక. ఆమీన్.